ఆరాధనలో ఐదు నిమిషాలు

ఆదివారం, రాత్రి

యూనియన్ ఎన్నికల్లో నిలబడ్డ రాజయ్యన్న ఈ రోజు ఆరాధన మధ్యలో ఐదు నిమిషాలు మాట్లాడతానన్నాడు. మా చర్చి ఉన్నది గని కంపెనీ జాగాలో. గెలిస్తే ఆ జాగా చర్చి పేర రాయిస్తానని మాటిచ్చాడు. పాస్టరు గారు దాదాపు ఒప్పుకున్నారు. చర్చి కార్యదర్శిగా నేనే అడ్డుపడ్డాను.

"ఏంది టీచరమ్మా, అధికారుల కోసం ప్రార్థన చెయ్యాలని మీ బైబిల్లనే ఉందట గదా?" అని రాజయ్యన్న నవ్వాడు.

"ప్రార్థన చేస్తం అన్నా, ప్రచారం చెయ్యం. వచ్చి బెంచీ మీద కూసోండ్రి."

కూర్చున్నాడు. ప్రతి ఆదివారం గనిలో డ్యూటీలో ఉన్నవాళ్ల పేర్లు చదివి ప్రార్థిస్తాం. ఈసారి ఆ పేర్ల తర్వాత ఆయన పేరు కూడా చదివాను. వెంటనే ఆయన మీద పోటీ చేస్తున్న మల్లేశన్న పేరూ చదివాను. రాజయ్యన్న నవ్వు ఆగిపోయింది. అందరూ మాత్రం ఎప్పటిలాగే ఆమెన్ అన్నారు.

బయటికొచ్చాక, గనిలో పనిచేసి రిటైరైన దేవదాసు కాక నన్ను ఆపాడు.

"రేపు జాగా ఖాళీ చెయ్యమంటే యాడికి పోతం బిడ్డా?"

"మా క్వార్టర్ల కూడుదాం కాకా."

"నీ క్వార్టరు గూడ కంపెనీదే గదనే."

నా మొండితనంతో ఇంతమందిని గూడు లేనివాళ్లను చేశానా అని భయంగా ఉంది. అయినా వచ్చే ఆదివారం మల్లేశన్న వచ్చి మాట్లాడతానని అడిగితే ఆయనకూ ఇదే చెప్తాను. కాకకే ఏం చెప్పాలో...