మనింటి ఎర్ర చుక్క

బాపూ,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని గుర్రుమనకు. నేను గెలిచాను!

ఎవరింట్లో ఇంటర్నెట్ ఉందో చూపే మా ఆఫీసు మ్యాపులో, ఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ పచ్చ చుక్క పెట్టి, మన ఊరికి ఏ లోటూ లేదన్నారు. నేను ఒప్పుకోలేదు. మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, "పగటిపూట ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటది?" అని ఆడవాళ్లను అడిగాను.

"మా ఆయనతోటి బొగ్గుబాయి పనికి పోతది బిడ్డా" అంది సత్తవ్వ పెద్దమ్మ. అందరిదీ అదే మాట. పగలు ఆడవాళ్ల చేతిలో ఫోన్ లేని ఇంటికి ఎర్ర చుక్క పెడితే, చుక్కలన్నీ ఎర్రబడ్డాయి, మనింటిదే మొదలు. పెద్దసారు ఒప్పుకోక తప్పలేదు. ఆడవాళ్లకు ఫోన్ నేర్పే కేంద్రం ముందుగా మన ఊరికే వచ్చింది.

ఈ సంగతి చెబుదామని నీకు ఫోన్ చేస్తే అవ్వ ఎత్తింది. నీకియ్యమన్నాను.

"గిప్పుడు ఫోన్ నా దగ్గరుంటది. మా ఆయనకు ఉత్తరం రాస్కో" అంది.

నీ బిడ్డ