కాశీలో బావ వదిలింది

అక్కా,

బాగున్నావా అని అడగలేను. నువ్వు పోయి ఆరు నెలలు దాటింది. నేనూ బావా నిన్ననే కాశీ నుంచి వచ్చాం. నీ అస్థికలు గంగలో కలిపాం.

నీకు కాశీ పిచ్చి దేవుడి వల్ల పట్టలేదని నాకొక్కదానికే తెలుసు. బోయిగూడలో మీ వంటగదిలో నిలబడి, ఫోన్‌లో అక్కడి తిండి వీడియోలు చూసేదానివి. "విశ్వనాథుడు యాడికి పోడు గనీ, గా కచోడీలు పొద్దుగాల్నే ఖతమైతయంట చెల్లే. ముందుగాల గవే తిందాం, సందు సందు నడుసుకుంట" అనేదానివి.

బావ మాత్రం దోస్తులతో రెండుసార్లు వెళ్ళొచ్చాడు. నిన్ను రమ్మనలేదు. ఆడోళ్లు రోడ్డు మీద నిలవడి తింటరా అన్నాడట. ఆ మాట నాకు చెప్పి నవ్వావు... ఎందుకు నవ్వావక్కా?

ఆఖరి రోజు ఫోన్ చేశావు. "ఛాతిల మంటగుంది. అడ్డమైనవి తిన్నవంటుండు మీ బావ" అన్నావు. పొద్దున తాగిన చాయ్ తప్ప నువ్వేం తిన్నావు? నేను ఆటోలో వచ్చేసరికే అయిపోయింది.

కాశీలో పిండం పెట్టాక, ఇష్టమైన తిండి ఒకటి వదిలెయ్యమన్నాడు పంతులు. బావ ఆలోచించను కూడా లేదు. "కాకరకాయ" అన్నాడు.

కాకరకాయ! కంచంలో కనిపిస్తే లేచిపోయే మనిషి. అదంటే ప్రాణం నీకు. ఆయనకు పడదని నువ్వు కాశీకి పోకుండానే ఎప్పుడో వదిలేశావు.

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే సందుల్లో పడ్డాను. కచోడీ తిన్నాను, నాలుక కాలింది. పాడె మోసుకొస్తుంటే గోడకు ఒదిగి నిలబడ్డాను, చేతిలో ఆకుదొప్పతోనే. ఇంకో సందులో మట్టి పిడతలో పాలనురగ ఇచ్చారు. మలయ్యో అంటారట, చలికాలంలోనే చేస్తారట. నోట్లో పెట్టగానే లేదు. అక్కడే ఏడ్చాను. నీకు అందిందా? అందలేదక్కా... పోయినవాళ్ళకు అందుతుందనేది బతికున్నవాళ్ళు చెప్పుకునే మాట.

తిరిగొచ్చేసరికి సత్రంలో బావ ఎవరికో ఫోన్‌లో చెబుతున్నాడు. "మా ఆమె దేవత. ఏనాడూ ఏదీ అడగలె."

ఇక ఆగలేకపోయాను. "అడిగింది బావా. కాశీకి తీస్కపొమ్మని పెండ్లైనకాడికెల్లి అడిగింది. నువ్వే ఇనలె" అన్నాను.

నిన్న సికింద్రాబాద్‌లో రైలు దిగాం. స్టేషన్ బయట బావ, ఇంటికొచ్చి చాయ్ తాగిపొమ్మన్నాడు. పిల్ల పెడుతుందట. నీ కూతురక్కా... డిగ్రీ మధ్యలో ఆపేసి వాళ్ళ నాన్నకు మూడు పూటలా వండిపెడుతోంది. చదివింది చాలంటున్నాడు. దానికీ దేవత అని పేరు పెడతాడా?

నిన్న వెళ్ళలేదు. రేపు వెళ్తాను, చాయ్‌కి కాదు. దాని పుస్తకాలూ బట్టలూ సర్ది, పద్మారావు నగర్‌లో మా ఇంటికి తెచ్చుకుంటాను. బావ ఏమన్నా అననీ.

నీ చెల్లె