బాపు గోరి దగ్గర ఆగిపోయే తుపాకులు

చిన్న మంగళారం గ్రామం,
సోమవారం.

అవ్వకు దండాలు పెట్టి జైపాల్ రాసేది.

ఇక్కడ నేనూ, కవితా, పిల్లలూ బాగున్నాం. అక్కడ నువ్వూ, చెల్లె శిరీషా, బావా, కొత్తగా పుట్టిన చిన్నదీ బాగున్నారనే అనుకుంటున్నాను. సేడంలో నీళ్లు పడటం లేదని రాశావు. కాచి చల్లార్చుకుని తాగు. బాలింతతో పాటు నువ్వు కూడా పడకేస్తే ఆ ఇంట్లో చేసేవాళ్లు లేరు.

ఫోన్ చేయకుండా ఎందుకు రాస్తున్నాడా అనుకుంటావు. చెల్లె ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. బావ స్పీకర్ పెడతాడు, ఇంటికి వచ్చిన వాళ్లందరూ వింటారు. ఈ సంగతి అట్లా వినేది కాదు. నువ్వొక్కదానివే చదువుకో. చెల్లెకు కూడా చూపించకు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బర్రె ఈనింది, పెయ్యదూడ. జున్ను పక్కింటి అంతమ్మకు పంపాం, లేకపోతే ఆమె మాటలు పడలేం. నువ్వు పెట్టిన పొట్లతీగ పందిరి దాటి ఆమె గోడెక్కింది. "తీగ మీది, గోడ నాది. కాయ ఎటు దిక్కు యాల్లాడితే గాళ్లదే" అంటూ తెంపుకుంటోంది. కవిత ఊరుకోదు. "గట్లయితె మా బర్రె మీ గోడకు తల ఆనిస్తది అత్తా, పాలు మీరే పిండుకోండ్రి" అన్నది. రెండు రోజులు మాటల్లేవు. ఇప్పుడు మళ్లీ కలిశారు. కవిత కన్ను మొయినాబాద్ దవాఖానలో చూపించాం. పొర కాదట, దుమ్ముకు ఎర్రబడిందట. చుక్కల మందు ఇచ్చారు.

తుపాకుల దగ్గర కొలువేంది, పోలీసులు పట్టుకోరా అని అడిగావు. అవి నిజం తుపాకులు కావు. చూడడానికి మాత్రం అచ్చం అట్లాగే ఉంటాయి. బఠాణీ కంటే చిన్న ప్లాస్టిక్ గోలీలు కొడతాయి. తగిలితే చర్మం కందుతుంది, అంతే. శని, ఆదివారాలు సిటీ నుంచి కంపెనీల వాళ్లు బస్సుల్లో వస్తారు. కళ్లకు అద్దాలు కట్టుకుని రెండు జట్లవుతారు. టైర్ల వెనుక, డ్రమ్ముల వెనుక దాక్కుని ఒకరినొకరు కొట్టుకుంటారు. గోలీ తగిలినవాడు తానే చెయ్యెత్తి బయటికి పోవాలి.

వాటికి బ్యాటరీలు ఎక్కించడం నా పని. తుపాకీలో భుజానికి ఆనించే వెనుక భాగాన్ని స్టాక్ అంటారు. దాని లోపల గొట్టం ఉంటుంది, బ్యాటరీ అందులోకి పోవాలి. జాగ ఎప్పుడూ కొంచెం తక్కువే. బలవంతంగా తోస్తే తీగ నలిగి లోపలే కాలుతుంది. లంగాకు నాడా ఎక్కించేటప్పుడు నువ్వు పిన్ను ముందుకు పంపి, బట్టను వెనక్కి జరుపుకుంటూ పోతావు కదా, ఇదీ అంతే. తీగను ముందు పంపి, ప్లగ్గు కలిపి, బ్యాటరీని మెల్లగా వెనుక నుంచి జరపాలి. మూత పెట్టాక చెవి దగ్గర ఊపితే చప్పుడు రాకూడదు. జాగ ఇరుకైన చోట స్టాక్‌ను లోపలికి తోసి తుపాకీని పొట్టిగా చేసుకోవచ్చు. బయటికి లాగితే మళ్లీ పొడుగవుతుంది. పని కష్టమేమీ కాదు. ఓపిక ఉండాలి.

కొలువు చేయడానికి మన చెల్క కొన్న ఆ మనిషి జాగే దొరికిందా అని కూడా అడిగావు. ఇంటికి దగ్గరని పోయిన ఉత్తరంలో రాశాను. అది సగమే నిజం.

నీకు తెలిసిందే అయినా ఒకసారి రాస్తాను. నువ్వు దాన్ని వేరేగా గుర్తు పెట్టుకుంటున్నావు. చుట్టూ అందరూ అమ్ముకుని ఫాంహౌస్‌ల గోడలు లేచాక బాపు గోరి ఉన్న మన చెల్కకు బాట లేకుండా పోయింది. దున్నడానికి పోవాలన్నా ఎవరి గేటో కొట్టాలి. అప్పుడు చేవెళ్లలో సిమెంటు దుకాణం పెట్టుకున్న పరమేశ్వర్ సేటు వచ్చాడు. మన అరుగు మీద కూర్చుని నువ్విచ్చిన చాయ తాగాడు. "బాలమల్లు గోరి జోలికి నేను పోను పెంటమ్మా. పెత్రమాసకు వచ్చి దీపం పెట్టుకోండ్రి" అన్నాడు. రేపు నన్ను పూడ్చే పక్క జాగ సంగతేందని నువ్వు అడిగితే, "అది గూడ నీదే, ఎవ్వలు ముట్టరు" అన్నాడు. ఆ మాట మీద నువ్వు సంతకం చేశావు.

తర్వాత ఆయన కొడుకు కల్యాణ్ ఆ చెల్కను ఈ ఆటకు మార్చాడు. బాపు గోరికి ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు వేయించాడు. వెనుక టైర్లు పేర్చాడు. దానికి తాత బంకర్ అని పేరు పెట్టారు. నీకు జాగ అన్నచోట నీళ్ల డ్రమ్ము ఉంది. నేను చేవెళ్ల పోయి అడిగితే సేటు దుకాణంలో నలుగురి ముందు నవ్వాడు.

"గోరి తీసేసిన్నా? ఉన్నది కద. రంగే కద ఏసింది. మీ ఇంటికి సున్నం ఏస్తరు, నేను గోరికి రంగేసిన. మంచిదే కద."

పక్కవాళ్లూ నవ్వారు. పోయిన ఏడు పెద్దలకు దీపం పెట్టే పెత్రమాస అమాసకు నీ మోకాళ్లు నొస్తున్నాయని నన్నొక్కణ్ణే పంపావు. ఆ రోజు బుకింగ్ ఉందని వాచ్‌మన్ గేటు తీయలేదు. దీపం గోడ బయట మట్టిలో పెట్టి వచ్చాను. నీకు గోరి దగ్గరే పెట్టానని చెప్పాను.

ఆ దీపం పెట్టిన వారమే అక్కడ పని అడిగాను. నువ్వు సేడం పోయేదాకా ఏదో ఫాంహౌస్‌లో పని అనే నీకు చెప్పాను. నేనెవరో కల్యాణ్‌కు తెలుసు. "నీ జాగనే కద అన్నా, మంచిగ చూస్కుంటవ్" అని నవ్వుతూ పెట్టుకున్నాడు.

ఇప్పుడు అంతమ్మ చెల్లెకు ఫోన్‌లో చెప్పిన సంగతి. ఆమె చెప్పింది నిజమే. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి బాపు గోరి వెనుక కూర్చున్నవాళ్ల తుపాకులు పేలడం లేదు. అక్కడి నుంచి బయటికి వస్తే పేలుతున్నాయి. మొదట ఆడేవాళ్లు నవ్వుకున్నారు. "తాత పర్మిషన్ తీస్కున్నవారా?" అని ఒకడంటే, "సారీ తాతా" అని ఇంకొకడు గోరికి సలాం కొట్టాడు. తర్వాత నవ్వడం మానేశారు. అటు ఎవరూ పోవడం లేదు.

కల్యాణ్‌కు కోపం వచ్చింది. "ఇటియ్యి. మీకు పట్టుకునుడే రాదు" అని ఒకని చేతిలోంచి తుపాకీ గుంజుకుని గోరికీ టైర్లకూ మధ్య దూరాడు. నొక్కాడు, పేలలేదు. ఎదుటి జట్టులో ఉన్న ఒక అమ్మాయి వాని మెడ మీద గోలీ కొట్టింది. లేచి బయటికి వచ్చి, పైకి పెట్టి మళ్లీ నొక్కాడు. గోలీలు గర్రున పోయాయి.

"బ్యాటరీ ఫుల్లేనా అన్నా?"

"నువ్వే కొట్టి చూస్తివి కద."

కల్యాణ్ నల్లా దగ్గరికి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఈ మాట ఊరంతా పాకింది, బస్సులు తగ్గాయి. మొన్న శుక్రవారం సేటే వచ్చాడు. కారు దిగి నేరుగా నేను పని చేసే షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"జైపాల్, మీ నాయన మంచోడే ఉండె కద?"

"మంచోడే ఉండె."

"మరి గిట్లెందుకు జేస్తుండు?"

"నాకేం తెల్సు సేటూ. సచ్చినోల్లతోని నేను మాట్లాడలే."

"కోపం ఉంటదంటవా?"

"బతికున్నప్పుడు ఎవ్వల మీద కోపం పెట్టుకోలే. మాట తప్పినోల్లతోని మాత్రం మాట్లాడకపోతుండె."

సేటు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. చేవెళ్లలో గుడి అయ్యగారిని అడిగాడట. ముందు ఆ ఇంటి ఆడమనిషి మనసు చల్లబడాలని ఆయన చెప్పాడట. "పెత్రమాస నాడు మీ అవ్వను పిలువు. రంగు గీకిస్త, టైర్లు తీపిస్త. ఆమె కాళ్లు పట్టుకుంట" అన్నాడు. గోడకు మాకు వేరే గేటు కావాలి, గోరి దాకా బాట మా పేరు మీద రాసివ్వాలి అన్నాను. పెత్రమాస కాంగనే రాసిస్తానన్నాడు.

ఇవన్నీ జరుగుతుండగా నీ ఉత్తరం వచ్చింది. బాపుకు శాంతి లేదని, నువ్వు సంతకం పెట్టినందుకే నీ మీద కోపంగా ఉన్నాడని, ఒంటిపూట తింటున్నానని రాశావు. పెత్రమాసకు వచ్చి గోరి మీద పడి తప్పైందని చెప్పుకుంటానన్నావు. 

అవ్వా, బాపు ఏమీ చేయలేదు. చేసింది నేను.

బాపు గోరి మోకాలెత్తే ఉంటుంది. దానికీ టైర్లకూ మధ్య జాగ ఇరుకు. అక్కడ కూర్చున్నవాడు స్టాక్‌ను లోపలికి తోయక తప్పదు. బయటికి వచ్చి నిలబడగానే మళ్లీ లాగుతాడు. మిగతా చోట్ల నిలబడి కొడతారు కాబట్టి ఎవరూ దాన్ని జరపరు. వానలు మొదలైనప్పుడు ఒక తుపాకీ దానంతట అదే అట్లా ఆగింది. విప్పి చూస్తే, స్టాక్ లోపలికి పోయినప్పుడు తీగ మడత పడి ప్లగ్గు పట్టు వదులుతోంది. బయటికి లాగితే మళ్లీ అందుకుంటోంది. బాగు చేయడానికి చేయి పెట్టి ఆగాను. ఆ తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటిగా అట్లాగే కట్టాను. కల్యాణ్ ఏనాడూ విప్పి చూడడు, చేతికి గ్రీజు అంటుతుందని.

ఇంకొకటి కూడా రాస్తాను, దాచి ఏం లాభం. పాతబడ్డ బ్యాటరీలు పూరీ లెక్క ఉబ్బుతాయి. ఉబ్బినదాన్ని స్టాక్‌లో పెడితే నిప్పంటుకుంటుంది. తుపాకీ పట్టుకున్నవాని చెంప అక్కడే ఉంటుంది. అట్లాంటిది ఒకటి చేతిలో పట్టుకుని, కల్యాణ్ ఎప్పుడూ తీసుకునే తుపాకీని ముందర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత దాన్ని తీసుకుపోయి ఇసుక బకెట్‌లో పూడ్చాను. జాలిపడి కాదు. దానితో వాని చెంప కాలుతుంది, వాళ్ల నాయన నడుము వంగదు. నాకు కావలసింది ఆ నడుము వంగడం.

ఇది నీకు చెప్పకుండానే జరిపిద్దామనుకున్నాను. కాని నువ్వు నీ మీద వేసుకున్నావు. ఈ ఉత్తరం అందిన పూట నుంచి రెండు పూటలా తిను. నీ మీద ఎవరికీ కోపం లేదు. సంతకం తప్పు కాదు, మాట ఇచ్చి తప్పినవాడిదే తప్పు. నిన్ను ఏడిపించింది మాత్రం నేను. దానికి నువ్వు తిట్టు, పడతాను. పెత్రమాస దాటాక తిట్టు.

చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెలియకుండా వస్తే నువ్వు ఆయన కంటే ముందే గోరి మీద పడి ఏడుస్తావు. నువ్వు తప్పైందన్నాక ఆయన ఏమంటాడు? పాపం పెద్దమనిషి అనిపించుకుని, నిన్ను ఓదార్చి కారెక్కి పోతాడు. అట్లా కానివ్వను. బాట రాసిచ్చేదాకా ఈ సంగతి నీకూ నాకూ తప్ప తెలియకూడదు. చెల్లెకు చెబితే అంతమ్మకు చేరుతుంది, అంతమ్మకు చేరితే చేవెళ్లకు చేరుతుంది.

అమాసకు ముందురోజు తాండూరు మీదుగా వచ్చే బస్సు ఎక్కు. చేవెళ్లలో నేను దించుకుంటాను. పొద్దున బువ్వ తిని, ఉతికిన చీర కట్టుకుని పోదాం. గేటు నుంచి గోరి దాకా నేల మీద గోలీలు ఉంటాయి, ఆ రోజు నేను ఊడ్వను. సేటును చెప్పులు గేటు దగ్గరే విప్పమన్నాను. నిన్ను గట్టు పక్క నుంచి తీసుకుపోతాను, అటు గడ్డి ఉంటుంది.

దీపం నువ్వే పెట్టు. బాపుతో చెప్పుకునేది చెప్పుకో. తర్వాత ఆయన వస్తాడు. ఎవరు కాళ్లు మొక్కినా వాళ్ల చెయ్యి నీ పాదానికి తగలకముందే భుజం పట్టి లేపడం నీకు అలవాటు. మనల్ని మోసం చేసిన ఎరువుల దుకాణం వాడినీ అట్లాగే లేపావు, చెల్లెను కొట్టిన రోజు బావనూ అట్లాగే లేపావు. ఈయనను లేపకు. చేతులు కొంగులో పెట్టుకుని నిలబడు. లెమ్మని నేను అనను, కల్యాణ్ నోరు తెరిస్తే నేను చూసుకుంటాను. నువ్వు కూడా ఏమీ అనకు. ఎంతసేపైనా కానీ, నడుము నొచ్చి ఆయనే లేవాలి.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన కొడుకు
జైపాల్