అత్తయ్య కొన్న రొయ్యలు

వదినా,

మన బీచి హోటల్లో రొయ్యల కూర తిన్న టూరిస్టులు ఎందుకు మంచాన పడ్డారో తెలిసింది. పాపం, వంటమనిషిని అన్యాయంగా పంపించేశాం.

కొన్నాళ్లుగా కూరల్లో రుచి లేదని అత్తయ్య అతన్ని సాధించేది, గుర్తుందా? అక్కడే నాకు అనుమానం వచ్చింది. రేవులో వాసన చూసి రొయ్యలు కొనేది ఆవిడే కదా! నిన్న కుళ్లిన రొయ్యలు గిన్నెలో తెచ్చి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ మాత్రం గట్టిగా పీల్చి, "ఇప్పుడే పడవ దిగినట్టున్నాయే!" అంది.

నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ మళ్లీ రేవుకి వెళ్లకుండా, సముద్రం బాగోలేదు, పడవలు వెళ్లడం లేదని అబద్ధమాడాను. కూతురివి, నువ్వొచ్చి చెప్పు.

పొద్దున్నుంచీ వరండాలో కూర్చుని, ఒడ్డుకొస్తున్న పడవలనే చూస్తోంది. నన్నొక్క మాటా అడగడం లేదు.

నీ మరదలు