గోడ పక్కన గానుగ మొక్క

శుక్రవారం, రాత్రి

దీపం ముందు కూర్చున్నా మనసు నిలవడం లేదు, అందుకే పెన్ను పట్టాను. పక్కింట్లో ఉండే మా తోడికోడలు సుజాత మేడ మీద నుంచి మన తులసికోట కనపడుతోందని, అడ్డంగా చెట్టు కావాలని మా ఆయనతో అన్నాను. "గానుగ వెయ్యండమ్మా, గబగబా పెరిగిద్ది, పెద్దగా చాకిరీ ఉండదు" అన్నాడు నర్సరీ అతను.

సాయంత్రం నాటుతుంటే సుజాత పైనుంచి, "చానా మంచి పని చేశావక్కా, మా బాల్కనీకి నీడొచ్చిద్ది" అని నవ్వింది. మా మరిది కాఫీ కలిపి తెచ్చి దాని చేతికిచ్చాడు. రోజూ అంతే. మా ఆయన తాగిన గ్లాసు కూడా తీయరు.

వాళ్ళు నన్ను చూస్తారని కాదు స్వామీ, నేను వాళ్ళని చూడకూడదనే ఆ చెట్టు. వేరు పట్టేదాకా నీళ్ళు నేనే పోయాలి. పైకి చూడకుండా పోయగలనో లేదో...

ఈ కాగితం నీ పటం వెనక పెడుతున్నాను. నీ దగ్గరే ఉంచుకో, ఎవరి కంటా పడనివ్వకు.