ఎవరి మంచికి?

రెహానా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం ఎక్కడికీ చేరదని తెలుసు. అయినా మా మీనూ చేసిన పని నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఇక్కడ సౌదీలో రోజూ పొద్దున క్లాసులో బోర్డు మీద ఎవరో ఒక పెద్దమనిషి మాట రాసేదానివి కదా. ఒకరోజు సూఫీ ఫకీరుది, ఇంకోరోజు దేవుడే లేడన్నవాడిది. రాసి, "ఇది నిజమేనా?" అని పిల్లల్ని అడిగేదానివి. నీ తర్వాత వచ్చిన టీచర్ కూడా రాస్తుంది, కానీ అడగదు. నిన్న "ఏది జరిగినా మన మంచికే" అని రాసిందట. మీనూ లేచి వెళ్లి చెరిపేసింది.

ఇవాళ ప్రిన్సిపాల్ నన్ను పిలిపించారు. పాప సారీ చెబితే చాలన్నారు. మీనూ నా వైపు తిరిగింది.

"అమ్మా, రెహానా టీచర్ చనిపోయింది ఎవరి మంచికి? అది చెప్పు, సారీ చెప్పేస్తా."

నీ ఆపరేషన్ బాగా జరగాలని మొక్కుకున్నదాన్ని నేను. మా అమ్మ చెప్పినవి, పురాణాల్లో విన్నవి అన్నీ నోటిదాకా వచ్చాయి. కడపలో నీ చంటివాడు మీ అత్తగారినే అమ్మా అని పిలుస్తున్నాడని గుర్తొచ్చింది.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

రెండు రోజులు బడికి పంపొద్దన్నారు. బడి నుంచి ఖోబర్‌లో ఇంటికి తిరిగొస్తుంటే కారులో అడిగింది.

"ఎవరికీ తెలీనప్పుడు టీచర్ ఎందుకు రాసింది?"

"భయమేసి రాసుంటుంది. మా పెద్దవాళ్లకి భయమేసినప్పుడు అలాగే అనుకుంటాం."

నువ్వు పోయిన రోజు కూడా ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది.