మా ఆవిడ పెట్టిన టిక్కులు

డాక్టరమ్మగారికి, మంగళవారం మీ దగ్గరికి వచ్చిన ముసలి దంపతుల్లో ఎక్కువ మాట్లాడినవాడు నమస్కరించి రాస్తున్నది.

ఒంట్లో బాధలెన్ని, వాటి గురించి బెంగ ఎంత అని అడిగే కాగితం మా ఇద్దరికీ ఇచ్చారు కదా. నేను తలనొప్పి మొదలు అరికాలి మంట దాకా అన్నిటికీ "చాలా" అని టిక్కు పెట్టాను. బళ్ళో ఏ పరీక్షా గట్టెక్కనివాణ్ణి, పరీక్ష కాగితం చేతికొస్తే వదులుతానా? నా నొప్పికన్నా బెంగే పెద్దదన్నారు మీరు. ఒప్పుకుంటాను.

మా ఆవిడ మాత్రం అన్నిటికీ "లేదు" అని పెట్టింది. మీరు మెచ్చుకుని పంపించారు. నిన్న మెట్ల మధ్యలో ఆయాసంతో గుండె పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఎన్నాళ్ళనుంచే ఇది?"

"ఆర్నెల్లవుతోంది లెండి."

"మరి కాగితంలో లేదన్నావేం?"

"పక్కన మీరు అన్నీ చాలా, చాలా అని పెడుతుంటే చూశానుగా. ఇద్దరం మంచమెక్కితే పొయ్యి దగ్గర ఎవరుంటారు, మీరా?"

ఈ కవరు మీకిచ్చినావిడే ఆవిడ. నా మందుల కోసం వచ్చాననుకుంటోంది. తన కోసమైతే గడప దాటదు. దయచేసి కూర్చోబెట్టి గుండె పరీక్ష చేయండి. నేను బయట బల్ల మీదే ఉన్నాను, పిలిచినా లోపలికి రాను. మీ ఆయనకి ఏ జబ్బూ లేదమ్మా అని ముందు ఆవిడతో చెప్పండి. అప్పుడు తన సంగతి చెబుతుంది.

ఇట్లు,
ప్రస్తుతానికి ఏ నొప్పీ లేనివాడు.